ముప్పై ఆరు పందేల లెక్క: నాస్కార్ సీజన్, పాయింట్ల పట్టిక, అభిమాని

అమెరికాలో 'స్టాక్ కారు' అంటే మొదట్లో అంగడిలో ఎవరైనా కొనుక్కోగలిగిన మామూలు కారు అనే అర్థం. పందేల కోసమే తయారైన ప్రత్యేక వాహనం కాక, ఇంటి ముందు నిలిచి ఉండే కారే ట్రాక్ మీదికి దిగటం ఈ క్రీడకు తొలి ఆకర్షణ. చెదురుమదురుగా సాగుతున్న ఇలాంటి పందేలను ఒకే నియమావళి కిందికి తేవటానికి బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఒక సమావేశం ఏర్పాటు చేశాడు. మరుసటి ఫిబ్రవరిలో నాస్కార్ సంస్థ ఏర్పడింది. 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగిన తొలి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' పందెంలో గ్లెన్ డనవే అందరికంటే ముందు గీత దాటాడు. అతని కారు వెనుక స్ప్రింగులు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నాయని తేల్చిన అధికారులు, రెండవ స్థానంలో వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. గీత దాటి గెలవటం వేరు, కాగితం మీద గెలవటం వేరు అన్న సంగతి ఈ క్రీడకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

నాస్కార్ చరిత్రను సాధారణంగా డ్రైవర్ల చరిత్రగానో, దొంగసారా రవాణా నుంచి పుట్టిన దక్షిణాది సాహసగాథగానో చెబుతారు. ఆ కథనంలో ప్రేక్షకుడు గ్యాలరీలో కూర్చున్న గుంపుగానే మిగిలిపోతాడు. అయితే ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ఒకే డ్రైవరును, ఒకే నంబరును అంటిపెట్టుకొని ఉండే అభిమాని ఎప్పటినుంచో ఉన్నవాడు కాడు. అతణ్ణి రూపొందించినవాటిలో పాయింట్ల పట్టిక ముఖ్యమైనది. ఆ పట్టిక మారిన ప్రతిసారీ అతని సంవత్సరం కూడా మారింది.

1971 సీజన్‌లో ఏకంగా 48 పందేలు జరిగాయి. అన్నిటినీ అనుసరించటం ప్రేక్షకుడికే కాదు, చాలా జట్లకూ సాధ్యమయ్యేది కాదు. అప్పటి అభిమానం ఎక్కువగా స్థానికం. తన ఊరికి దగ్గరి ట్రాక్‌కు ఎవరు వస్తే వారిని చూడటమే. పాయింట్ల కేటాయింపు కూడా తొలి దశాబ్దాల్లో బహుమతి సొమ్మును అనుసరించి పందేనికో తీరుగా ఉండేది. ఇంతలో 1971 జనవరి 2 నుంచి అమెరికాలో రేడియో, టెలివిజన్లలో సిగరెట్ ప్రకటనలు నిషిద్ధమయ్యాయి. ప్రకటనల సొమ్ముకు కొత్త దారి వెతుకుతున్న ఆర్.జె. రేనాల్డ్స్ సంస్థ తన విన్‌స్టన్ సిగరెట్ పేరును ఈ పందేలకు తగిలించింది. 1972లో చిన్న పందేలను తొలగించి కేలండరును 31కి కుదించారు. ప్రజారోగ్యం కోసం చేసిన చట్టం పర్యవసానంగా ఒక క్రీడకు సీజన్ అనదగ్గ రూపం రావటం విచిత్రమే.

ఆ రూపానికి లెక్క సమకూర్చినవాడు బాబ్ లాట్‌ఫర్డ్. 1975 నుంచి అమలైన అతని పద్ధతిలో పందెం పెద్దదైనా చిన్నదైనా విజేతకు 175 పాయింట్లు. రెండవ స్థానానికి 170, మూడవ స్థానానికి 165; అలా దిగుతూ 43వ స్థానానికి కూడా 34 ఉండేవి. ఒక్క చుట్టులోనైనా ముందంజలో ఉంటే అయిదు, అందరికంటే ఎక్కువ చుట్లు ముందుంటే మరో అయిదు. ఈ అంకెల వెనుక ఒక జీవనదృష్టి ఉంది. గెలుపుకు ఇచ్చిన విలువ తక్కువ, ప్రతివారం హాజరై చివరిదాకా నిలబడటానికి ఇచ్చిన విలువ ఎక్కువ. ముందువరుస కారు ప్రమాదంలో నుజ్జయితే మెకానిక్కులు సుత్తులతో రేకును సరిచేసి, టేపు అంటించి, యాభై చుట్లు వెనుకబడ్డ ఆ కారును మళ్లీ ట్రాక్ మీదికి పంపేవారు. ఆగిపోయిన మరో కారును దాటితే దక్కేది మూడు పాయింట్లు. కొత్తవాడికి అర్థంలేని తాపత్రయంగా కనిపించే ఈ దృశ్యమే అభిమానికి అసలు పందెం. ముప్పయ్యవ స్థానం కోసం జరిగే పోరును కూడా ఊపిరి బిగబట్టి చూడటం అతనికి అలవాటైంది. 1970లో మొదలైన మోటార్ రేసింగ్ నెట్‌వర్క్ రేడియో ప్రసారాలు, పందెం మర్నాటి పత్రికల్లో వచ్చే పట్టికలు ఆ అలవాటుకు తోడయ్యాయి. 1979 ఫిబ్రవరి 18న డేటోనా 500ను సీబీఎస్ మొదటినుంచి చివరిదాకా ప్రత్యక్ష ప్రసారం చేసింది. మంచు తుపానులో ఇళ్లకు పరిమితమైన ఎంతోమంది దానిని చూశారు.

లాట్‌ఫర్డ్ పద్ధతి ఎంత సూక్ష్మమైన ఉత్కంఠను పుట్టించగలదో 1992 నవంబరు 15న అట్లాంటాలో జరిగిన చివరి పందెం చూపింది. బిల్ ఎలియట్ పందెం గెలిచాడు; 175కు ముందంజ పాయింట్లు అయిదు కలిపి 180. రెండవ స్థానంలో వచ్చిన అలన్ కుల్విక్కీ 103 చుట్లు ముందున్నాడు, ఎలియట్ 102. ఆ ఒక్క చుట్టు తేడాతో అదనపు అయిదు కుల్విక్కీకి దక్కి అతనికీ 180 వచ్చాయి. సంవత్సరం మొత్తం మీద పది పాయింట్ల ఆధిక్యంతో అతడే ఛాంపియన్. ఆ అయిదు ఎలియట్‌కు వెళ్లి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు. ఎక్కువ విజయాలున్న ఎలియట్‌కే కిరీటం దక్కేది. ఈ తీవ్రత ఆనాడు అట్లాంటాలో హఠాత్తుగా పుట్టింది కాదు. ఫిబ్రవరి నుంచి కూడుతూ వచ్చిన లెక్క ఆ చుట్టు దగ్గర తెగింది.

ఈ పట్టికను నమ్మే హక్కు మాత్రం అందరికీ సమానంగా అందలేదు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో నల్లజాతి డ్రైవరు వెండెల్ స్కాట్ గెలిచినా, మొదట బక్ బేకర్‌నే విజేతగా ప్రకటించారు. తర్వాత లెక్క సరిదిద్దారు గానీ, నాటి విజయానికి గుర్తుగా స్కాట్ కుటుంబానికి ట్రోఫీ అందింది 2021లో. గ్యాలరీలలో ఎగిరే కాన్ఫెడరేట్ జెండాను నాస్కార్ నిషేధించింది కూడా 2020లోనే. అభిమానుల సమూహం గురించి ఆర్ద్రంగా రాసే చరిత్రకారులు దాటవేయరాని విషయమిది.

అభిమానానికి ఆధారం నంబరు. నిజానికి ఆ నంబర్ల మీద హక్కు నాస్కార్‌దే. జట్టు యజమానులు వాటిని అనుమతితో వాడుకుంటారు. కానీ 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి చుట్టులో జరిగిన ప్రమాదంలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించినప్పుడు, ఆ ఏడాది పొడవునా ప్రతి పందెంలో మూడవ చుట్టు రాగానే ప్రేక్షకులు లేచి మూడు వేళ్లు ఎత్తి నిలబడ్డారు. టెలివిజన్ వ్యాఖ్యాతలు ఆ చుట్టు పూర్తయ్యేదాకా మౌనం పాటించారు. అతని జట్టు కారును 29వ నంబరుతో కెవిన్ హార్విక్‌కు ఇచ్చింది. మూడవ నంబరు ఈ శ్రేణి పందేలకు తిరిగి వచ్చింది 2014లో.

2003లో మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క విజయంతో ఛాంపియన్ అయ్యాడు. ఎనిమిది పందేలు గెలిచిన రయన్ న్యూమన్ ఆరవ స్థానంలో మిగిలాడు. లాట్‌ఫర్డ్ దృష్టిలో ఇది న్యాయమే. కానీ శరత్కాలపు ఆదివారాల్లో ఫుట్‌బాల్‌తో పోటీపడవలసిన టెలివిజన్‌కు, ముందే తేలిపోయిన లెక్క అమ్ముడుపోయే సరుకు కాదు. 2004లో 'ఛేజ్' వచ్చింది. 26 పందేల తర్వాత ముందున్న పదిమందిని దగ్గరకు చేర్చి, చివరి పది పందేలలో తేల్చుకొమ్మన్నారు. పాత పద్ధతిలో లెక్కిస్తే 2004, 2007 కిరీటాలు జెఫ్ గార్డన్‌వి. ఈ ప్రత్యామ్నాయ పట్టికలను అభిమానులు స్వయంగా వేసుకొని భద్రపరచుకోవటం అప్పటినుంచి ఒక సంప్రదాయమైంది. నియమం వేరైతే డ్రైవర్ల తీరూ వేరయ్యేది గనుక వాటిని చరిత్రగా స్వీకరించలేము. అభిమాని నిరసనకు లిఖిత సాక్ష్యాలుగా మాత్రం అవి విలువైనవి.

2014లో దశలవారీ తొలగింపు వచ్చింది. క్రికెట్ చూసేవారికి లీగు, నాకౌటుల తేడా తెలిసిందే. ఇక్కడ 36 పందేల సీజన్ చివరికి నలుగురి మధ్య ఒకే పందెంగా కుదించుకుపోయింది. ఆ మొదటి ఏడే న్యూమన్ ఒక్క గెలుపూ లేకుండా ఆ నలుగురిలో నిలిచి, కిరీటానికి ఒక్క స్థానం దూరంలో ఆగాడు. కెన్సెత్‌కు కనీసం ఒక విజయముంది! మరుసటి ఏడు కాలు విరిగి తొలి 11 పందేలకు దూరమైన కైల్ బుష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రతివారం హాజరుకు పట్టం కట్టిన లాట్‌ఫర్డ్ లెక్కకు ఇంతకంటే పూర్తి తిరస్కారం ఉండదు. 2025 నవంబరులో ఫీనిక్స్‌లో డెనీ హామ్లిన్ ముందంజలో ఉండగా, ముగింపుకు మూడు చుట్ల దూరంలో పసుపు జెండా ఊగింది. పిట్‌లో అతను నాలుగు టైర్లు మార్చుకున్నాడు, కైల్ లార్సన్ రెండే మార్చుకున్నాడు. ఆ రోజు ఒక్క చుట్టు కూడా ముందు లేని లార్సన్‌కు కిరీటం దక్కింది.

2026 సీజన్‌కు నాస్కార్ ఒక్క పందెపు తుది పోరును రద్దుచేసి, పది పందేల ఛేజ్‌కు తిరిగి వెళ్లింది. మొదటి 26 పందేలు పదహారుమందిని ఎంపిక చేస్తాయి; ఆ తర్వాత పాయింట్లను మళ్లీ సర్దుతారు. ముప్పై ఆరింటినీ తెగకుండా కూడిన మొత్తం ఇప్పటికీ అభిమానులు వేసుకునే పట్టికల్లోనే ఉంటుంది.