సి.ఎన్.ఆర్. రావు: పరిశోధన పత్రాలు, ఉటంకింపులు

చింతామణి నాగేశ రామచంద్ర రావు (జననం: 1934 జూన్ 30, బెంగళూరు) ఘనస్థితి రసాయన శాస్త్రంలోనూ పదార్థ రసాయన శాస్త్రంలోనూ ఆరు దశాబ్దాలకు పైగా పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త. ఆయన పేరున 1,500కు మించిన పరిశోధన పత్రాలు, 40కి పైగా పుస్తకాలు ఉన్నాయి. ఈ సంఖ్యల కన్నా, ఆయన ఏ విషయాన్ని ఎప్పుడు చేపట్టారన్నదే ఎక్కువ విలువైన సమాచారం.

మైసూరు విశ్వవిద్యాలయంలో బి.ఎస్సి. (1951), బనారస్‌లో ఎం.ఎస్సి. (1953) చదివి, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1958లో డాక్టరేట్ పొందారు. 1959లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో లెక్చరర్‌గా చేరారు. అతినీలలోహిత, దృశ్య వర్ణపటశాస్త్రంపై 1961లోనూ పరారుణ వర్ణపటశాస్త్రంపై 1963లోనూ ఆయన రాసిన పుస్తకాలు విదేశాల్లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

1963లో కాన్పూర్ ఐఐటీకి వెళ్లాక రావు దృష్టి లోహ ఆక్సైడ్ల మీదికి మళ్లింది. ఘనస్థితి రసాయన శాస్త్రానికి అప్పట్లో పెద్దగా గుర్తింపు లేదు. లాంథనం కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ల స్పిన్ స్థితి ఉష్ణోగ్రతతో పాటు ఎలా మారుతుంది, ఒక ఆక్సైడ్ ఎప్పుడు విద్యుద్బంధకంగా ఉంటుంది, ఎప్పుడు లోహంలా ప్రవర్తిస్తుంది వంటి ప్రశ్నలను ఆ దశలో పరిశీలించారు. 1976లో బెంగళూరుకు తిరిగొచ్చి ఘనస్థితి, నిర్మాణ రసాయన విభాగాన్ని నెలకొల్పారు. ఈ కాలపు పత్రాలకు తరవాతి వాటితో పోలిస్తే ఉటంకింపులు తక్కువ. రంగంలో పనిచేసేవాళ్లే కొద్దిమంది అయినప్పుడు ఉటంకించేవాళ్లూ కొద్దిమందే ఉంటారు. ఆ పని తక్కువదని దీనికి అర్థం కాదు.

అందుకు రుజువు 1987లో దొరికింది. అంతకు ముందు ఏడాది జ్యూరిక్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ లాంథనం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్‌లో అతివాహకత్వాన్ని కనుగొన్నారు. అదే ఆక్సైడ్ల కుటుంబానికి చెందిన లాంథనం కుప్రేట్ రావు బృందానికి అప్పటికే పరిచయమున్న పదార్థం. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతకు (77 కెల్విన్) పైన అతివాహకత్వం చూపే ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ మిశ్రమంలో ఆ గుణానికి కారణమైన దశ ఏదో గుర్తిస్తూ ఆ బృందం 1987లోనే ‘నేచర్’లో పత్రం ప్రచురించింది. అన్నేళ్ల సాధన లేకపోతే అంత త్వరగా ఆ పని సాధ్యమయ్యేది కాదు.

1989లో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రాన్ని స్థాపించాక కార్బన్ నానో గొట్టాలు, లోహ నానో కణాలు, గ్రాఫీన్ ఆయన ముఖ్య విషయాలయ్యాయి. లోహ నానో కణాలపై 2000లో, గ్రాఫీన్‌పై 2009లో సహరచయితలతో రాసిన సమీక్షా వ్యాసాలను ప్రపంచమంతటా విరివిగా ఉటంకించారు. సమీక్ష కొత్త ప్రయోగాన్ని ప్రకటించదు. చెల్లాచెదురుగా ఉన్న ఫలితాలను ఒకచోట చేర్చి, కొత్తగా రంగంలోకి వచ్చేవాళ్లకు దారి చూపుతుంది. అందుకే దాన్ని అంతమంది పేర్కొంటారు.

ఉటంకింపులను క్రమపద్ధతిలో లెక్కించడం 1960లలో యూజీన్ గార్ఫీల్డ్ రూపొందించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో స్థిరపడింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-సూచికను ప్రతిపాదించారు. కనీసం వందేసి ఉటంకింపులు పొందిన పత్రాలు వంద ఉంటే ఆ సూచిక 100. రావు 2013లో ఈ స్థాయికి చేరారని, భారత్‌లో పనిచేస్తూ దీన్ని సాధించిన తొలి శాస్త్రవేత్త ఆయనేనని పత్రికలు రాశాయి. అదే ఏడాది ఆయనకు భారతరత్న ప్రకటించారు. అయితే ఒక పత్రంలో ఎవరి వంతు ఎంతో ఈ సూచిక చెప్పదు. ఇంత పెద్ద జాబితా వెనక ఎందరో విద్యార్థులు, సహపరిశోధకుల శ్రమ ఉందని చెప్పకపోతే అన్యాయమే.

2011లో ‘అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్’ పత్రికలో రావు సహరచయితగా వచ్చిన ఒక వ్యాసంలో కొన్ని వాక్యాలు మరొకరి పత్రం నుంచి యథాతథంగా వచ్చాయని తేలింది. రచయితలు క్షమాపణ ప్రచురించారు. పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించలేదు.

ఉటంకింపులను లెక్కించే గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అంకెలు ఒకదానితో ఒకటి సరిపోలవు. గూగుల్ స్కాలర్ పుస్తకాలనూ సిద్ధాంత గ్రంథాలనూ విస్తృతంగా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి దాని అంకెలు సాధారణంగా ఎక్కువగా ఉంటాయి. రావు హెచ్-సూచికను పేర్కొనేటప్పుడు అది వీటిలో దేని లెక్కో, ఏ తేదీనాటిదో కూడా చెప్పాలి.