డాక్టరు కారట్ చెప్పిన సగం నిజం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో గోడపత్రికల మీద, వార్తాపత్రికలలో ఒక చిత్రమైన వైద్యుడు కనిపించేవాడు. తలమీద పొడుగాటి టోపీ, చేతిలో మందుల సంచీ, ఒళ్ళు మాత్రం కారట్ దుంప! సంచీమీద ‘విటమిన్ ఎ’ అని గుర్తు. ఈ డాక్టరు కారట్‌ను జనంలోకి పంపినది బ్రిటిషు ఆహార మంత్రిత్వ శాఖ.

ఆ అవసరం ఎందుకు కలిగింది? ద్వీపదేశమైన బ్రిటన్ యుద్ధానికి పూర్వం తన ఆహారంలో చాలా భాగాన్ని ఓడలమీద తెప్పించుకొనేది. జర్మను జలాంతర్గాములు ఆ ఓడలను ముంచసాగాయి. 1940 జనవరి 8న పంచదారకు, వెన్నకు, ఉప్పు వేసి నిలవచేసిన పందిమాంసానికి రేషన్ విధించారు. మనిషికి వారానికి పంచదార 12 ఔన్సులు, వెన్న 4 ఔన్సులు. రేషన్ కార్డుతో పంచదార తగ్గించవచ్చును గాని, కార్డు చూపి కారట్ మీద ఇష్టం పుట్టించలేరు గదా! గోడపత్రిక పని అక్కడ మొదలయింది. సొంత నేలలో సమృద్ధిగా పండే దుంప అది. సహజంగానే కాస్త తియ్యన. పంచదారకు బదులు దానిని పిండివంటలలో వాడే పద్ధతులు కూడా ప్రచారం చేశారు.

ఇంకొక ఆకర్షణ కూడా జోడించారు. విమానదాడుల భయంతో 1939 సెప్టెంబరు నుంచి రాత్రివేళ వీధిదీపాలు ఆర్పివేసేవారు. చీకటిలో మోటారుల కింద పడి ఎందరో మరణించారు. కారట్ తింటే ఆ చీకటిలో దారి కనిపిస్తుందని గోడపత్రికలు చెప్పాయి.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. కారట్‌కు రంగునిచ్చే కెరోటిన్ మన శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. కంటిలోని రెటీనాలో మసక వెలుతురును గ్రహించే కణాలున్నాయి. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం తయారుకావడానికి ఈ విటమిన్ కావాలి. అది లోపిస్తే రేచీకటి వస్తుంది. సకాలంలో అందితే రేచీకటి పోతుంది. అయితే విటమిన్ చాలినంత ఉన్నవాడు బుట్టెడు కారట్లు తిన్నా అతని చూపు మామూలును మించదు. నిండిన కుండలో నీరు పోసినట్లే. ఈ రెండవ సగాన్ని డాక్టరు కారట్ చెప్పలేదు.

ఈలోగా ఆకాశంలో మరొక కథ నడిచింది. 1940 నవంబరులో జాన్ కన్నింగ్‌హామ్ అనే బ్రిటిషు వైమానికుడు చీకటిలో శత్రువిమానాన్ని కూల్చాడు. తరువాత అటువంటి విజయాలు మరెన్నో సాధించాడు. అతనికి ‘పిల్లికళ్ళవాడు’ అని పేరు వచ్చింది. ఆ కళ్ళకు కారట్లే కారణమని చెప్పుకొన్నారు. నిజానికి అతని విమానంలో రాడార్ ఉంది. రేడియో తరంగాలను పంపి, శత్రువిమానాన్ని తాకి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దాని జాడ తెలుసుకొనే పరికరమది. వెనుక కూర్చున్న సహచరుడు దానిని చూచి దారి చెప్పేవాడు. పరికరం రహస్యం గనుక, కారట్ కథను ఖండించవలసిన తొందర ప్రభుత్వానికి లేకపోయింది. జర్మనులు ఈ కథను నమ్మి మోసపోయారని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. నమ్మినవారు స్వదేశీయులే!

యుద్ధంలో రహస్యం దాచడం తప్పనవచ్చునా అని ఎవరైనా అడుగవచ్చు. రాడార్‌ను దాచడం వేరు. వీధి దాటలేక తడుముకొనే ముసలివానికి కారట్ తింటే దారి కనిపిస్తుందని ధైర్యం చెప్పడం వేరు. వెన్న, పంచదార వదులుకొన్న మనిషికి ప్రభుత్వం కనీసం పూర్తి నిజం బాకీ ఉన్నది.

బ్రిటన్‌లో చివరిదైన మాంసం రేషన్ 1954 జులై 4న రద్దయింది. డాక్టరు కారట్ మాట మాత్రం దేశాలు దాటి పిల్లల చెవులకు చేరింది. ఆ మాటలోని నిజమైన సగానికి తగిన చోటు మన దేశంలోనే ఉండినది. ఇక్కడ విటమిన్ ఎ లోపంవల్ల రేచీకటితో మొదలై చివరకు పూర్తిగా చూపు పోగొట్టుకొన్న పసివారెందరో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, 1970లో భారత ప్రభుత్వం చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే పథకం ప్రారంభించింది. తోటకూర, మునగాకులలో కూడా ఆ కెరోటిన్ పుష్కలం; ఆకుపచ్చదనం కమ్మివేయడంవల్ల దాని పసుపురంగు పైకి కనిపించదు.