ఆకలి, ఆనందం

గంజాయి ఆకలిని పెంచుతుందన్న సంగతి మన దేశంలో కొత్త మాట కాదు. పదహారవ శతాబ్దినాటి భావప్రకాశమనే వైద్యగ్రంథం ఆ మొక్క జఠరాగ్నిని వర్ధిల్లజేస్తుందని చెప్పి, మోహాన్నీ మదాన్నీ కూడ పెంచుతుందని అదే చోట చెప్పింది. 1839లో కలకత్తా వైద్యకళాశాల ఆచార్యుడు విలియం ఓషానెస్సీ ఈ ద్రవ్యాన్ని రోగులకిచ్చి, వారి ఆకలి పెరగడాన్ని తన వ్యాసంలో నమోదు చేసినాడు. ఫలం తెలిసింది; కారణం మాత్రం మరి నూట యాభై ఏండ్లదాకా చిక్కలేదు.

తాళపుచెవి ముందు దొరికి, తాళం తరువాత దొరికింది. 1964లో ఇజ్రాయేలులో మెషూలం, గావొని అనే శాస్త్రజ్ఞులు గంజాయిలోని మత్తుద్రవ్యాన్ని శుద్ధరూపంలో వేరుచేసి దాని నిర్మాణాన్ని తెలిపినారు. మెదడులో దానిని పట్టుకొనే గ్రాహకమున్నదని 1988లో అమెరికాలో డివేన్, హౌలెట్ ప్రభృతులు నిరూపించినారు. ఎక్కడో మొలిచే మొక్కకోసం మెదడు ద్వారం తెరచి ఉంచుతుందా? ఉంచదు. శరీరమే అటువంటి ద్రవ్యాన్ని తయారుచేసుకొంటున్నదని 1992లో తేలింది. దానికి సంస్కృతంలోని ఆనంద శబ్దంతోనే 'ఆనందమైడ్' అని పేరు పెట్టినారు.

1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనుకు మూలమైన జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాలనుండి రక్తంలో ప్రయాణించి, 'నిలువ చాలు, భోజనం తగ్గించు' అని మెదడుకు కబురందించే హార్మోను ఇది. ఈ రెండు కథలూ 2001లో కలిసినవి. మెదడులో ఆకలిని నియంత్రించే హైపోథలమస్ భాగంలో ఆనందమైడ్ వంటి ద్రవ్యాలను లెప్టిన్ తగ్గిస్తుందనీ, లెప్టిన్ లోపించిన ఎలుకలలో అవి అధికమవుతాయనీ దిమార్జో, కునోస్ మొదలైనవారు చూపినారు. ఒకటి పగ్గం, మరొకటి ముల్లుకర్ర. 2015లో హోర్వత్ బృందం మరొక వింతను బయటపెట్టింది. గంజాయి ద్రవ్యం సోకినప్పుడు, తృప్తిని కలిగించవలసిన కణాలే తృప్తి సంకేతానికి బదులు ఎండార్ఫిన్‌ను విడిచి, కడుపు నిండిన ఎలుకలచేత మరల తినిపించినవి. కావలివాడే తలుపు తీసినాడన్నమాట.

ఆ గ్రాహకాన్ని మూసివేస్తే స్థూలకాయం తగ్గునని తలచి, 2006లో ఐరోపాలో రిమొనబాంట్ అనే మందును అనుమతించినారు. బరువు తగ్గింది, కాని కొందరిని విషాదం, ఆత్మహత్యాచింతన ఆవరించినవి. 2008లో దాని అమ్మకాన్ని నిలిపివేసినారు. ఆ గ్రాహకం ఆకలికి మాత్రమే చెందినది కాదు; మనస్సు కుదురుకూ చెందినది. అగ్నినీ మోహాన్నీ ఒకే చోట చెప్పిన ప్రాచీనవైద్యునికి గ్రాహకం పేరు తెలియదు. అయినను వాటిని విడదీయరాదన్న ఎరుక, మందు తయారుచేసినవారికంటె ఆయనకే ముందు కలిగింది.