నిలువ విద్యుత్తు - హెచ్చరికల భాష



మా మడకశిర ప్రాంతమున వర్షము చుట్టపుచూపుగా వచ్చి పోవును. అందుచేత మన పెద్దలు వచ్చిన నీటిని చెరువులలో నిలువ చేసికొనుట నేర్చిరి. కట్ట వేయుటతో వారి పని ముగియలేదు. ఆ నీటిని కనిపెట్టి యుండుటకు నీరుగంటి యను నొకనిని నియమించి, అతనికి మాన్యము నిచ్చిరి. తూము తెరచుట, మూయుట, చెరువులో నీరెంత మిగిలినదో రైతులకు చెప్పుట, మరవ పారు రాత్రులందు కట్టమీద కాపుండుట, కట్టకు కీడు కనబడినచో ఊరివారిని లేపుట అతని ధర్మములు. నిలువ యొకటి, దానిని చదువువాడొకడు. ఈ రెండును కలిసిననే గ్రామమునకు రక్షణ యని పెద్దల యభిప్రాయము.

నేడు నేను చెప్పబూనినది నీటి నిలువను గూర్చి కాదు. విద్యుత్తు నిలువను గూర్చి. మన గ్రామములందును అనేక గృహములలో ఇన్వర్టరు కనబడుచున్నది. కార్యాలయములలో కంప్యూటర్లకు యూపీయస్ అను పెట్టె, ఆసుపత్రులలో జనరేటరు కలవు. ఇవి యన్నియు కరెంటు పోయినప్పుడు ఆదుకొనునవి. ఇవి మనతో దీపముల ద్వారమునను, శబ్దముల ద్వారమునను మాటలాడును. ఆ భాష మన మెరుగుదుమా యన్నదే ప్రశ్న.

నా మట్టుకు నేనెరుగకయే యుంటిని. నేను తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి నొందినవాడను. 2021వ సంవత్సరము మే మాసమున మా అక్కయ్య కోవిడు జ్వరమునుండి తేరుకొని, ఆసుపత్రి విడిచి మా యింటికి వచ్చినది. ఊపిరి చాలక, రాత్రులందు ఆక్సిజను యంత్రము పెట్టుకొనవలసి యుండెను. ఒక రాత్రి కరెంటు పోయినది. ఇన్వర్టరు వెంటనే అందుకొనెను; యంత్రము నడచుచుండెను. కాని యా పెట్టె ఉండియుండి కూయసాగినది. నిద్ర చెడుచున్నదని నేను లేచి, శబ్దము నాపు మీటను నొక్కితిని. ఇల్లు నిశ్శబ్దమైనది. నేను నిశ్చింతగా పరుంటిని.

రెండు గంటలైనను కాకమునుపే ఆక్సిజను యంత్రమే పెద్దగా అరచినది. ఇన్వర్టరు ఆగిపోయి యుండెను. ఇంటిలో నొక సిలిండరు ఉండుటచేతను, మా మేనల్లుడు దానిని వేగముగా తగిలించుటచేతను ఆపద తప్పినది. తెల్లవారిన పిదప అక్కయ్య నాతో, "అది అరుస్తా ఉన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండె రా తమ్ముడూ. అరుపు నిలిచిపోయినాకనే భయమాయె. నిన్ను పిలుద్దామంటే గొంతు రాలే" అనెను.

లఘువును గురువును వేరుపరచుట ముప్పదియేండ్లు పిల్లలకు బోధించిన నేను, ఇంటిలోని పెట్టె యెప్పుడు లఘువు పలికెనో, యెప్పుడు గురువు పలుకబోవుచుండెనో తెలిసికొనలేక దాని నోరు నొక్కితిని. ఆ సిగ్గు చేతనే యీ విషయము యొక్క చరిత్రను విచారింప మొదలిడితిని.

విద్యుత్తును నిలువచేసి, వాడుకొని, మరల నింపదగిన బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిర్మించెను. గంధకికామ్లములో సీసపు రేకుల నుంచుట దాని మర్మము. 1881లో కమిల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు రేకులకు సీసపు భస్మమును పూసి, దాని శక్తిని పెంచెను. మన యింటి ఇన్వర్టరు క్రింద నుండు బ్యాటరీ ఆ వంశములోనిదే. పందొమ్మిదవ శతాబ్దాంతమున పాశ్చాత్య నగరముల విద్యుత్ కేంద్రములలో బ్యాటరీల గది యొకటి యుండెడిది. అందు పనివాడు గాజుగొట్టముతో ఆమ్లమును పీల్చి, అందలి తేలుడు బిళ్ళ యెంత మునిగినదో చూచెడివాడు. బ్యాటరీ నిండుగా నున్నప్పుడు ఆమ్లపు సాంద్రత సుమారు 1.28 ఉండును, శక్తి యుడిగినకొలది అది 1.15 దరిదాపులకు దిగును. అప్పటి హెచ్చరిక ఇదియే. అది తనంతట పలుకదు. మనుష్యుడు పోయి చదువవలెను. ఆ పనివాడు విద్యుత్తునకు నీరుగంటి యనవచ్చును.

మన ప్రక్క సీమకు వత్తము. 1902లో కావేరి మీద శివనసముద్రము వద్ద పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలమీద పయనించి కోలారు బంగారు గనులకు చేరినది. ఆ గనులలో మన తెలుగువారును పెక్కురు పనిచేసిరి. 1905లో బెంగళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. కాని వేసవిలో కావేరి సన్నగిల్లగా విద్యుత్తును సన్నగిల్లెడిది. గనులకు ఎడతెగని శక్తి నియ్యవలెనన్నచో నీటిని నిలువచేయక తప్పదని గ్రహించిరి. 1911లో కన్నంబాడి యానకట్ట నిర్మాణము ప్రారంభించుటకు సేద్యముతోపాటు ఇదియు నొక ముఖ్యకారణము. ఆ పనికి ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన యింటిపేరు మన తెలుగునాటి గ్రామము పేరే. చెరువు విద్యుత్తునకును చెరువే యైనది.

కాలక్రమమున కొలిచి చూచు పనివాని స్థానమున యంత్రమే తన స్థితిని తాను చెప్పుకొను యుగము వచ్చినది. ఇది గొప్ప సౌకర్యము. కాని యంత్రము చెప్పుచున్నదని మనము చూచుట మానినచో నేమగునో మూడు సంఘటనలు తెలుపుచున్నవి.

మొదటిది అమెరికాలో 2003 ఆగస్టు 14వ తేదీన జరిగినది. ఒహాయో రాష్ట్రమున నొక విద్యుత్ సంస్థ పర్యవేక్షణ కేంద్రములో మధ్యాహ్నము 2.14 గంటలకు హెచ్చరికలు పలుకు కంప్యూటరు వ్యవస్థ స్తంభించినది. అది స్తంభించినదని చెప్పు హెచ్చరిక లేదు. 2.41కి ప్రధాన సర్వరు పడిపోగా సహాయక సర్వరు భారము వహించెను. ఆ వ్యాధియే దానికిని సోకి 2.54కి అదియు పడిపోయెను. వెలుపల పెద్ద తీగెలు చెట్లకు తగిలి యొక్కొక్కటి తెగుచుండెను. లోపల నున్నవారు తెరమీద నేమియు లేదు గావున అంతయు క్షేమమే యని తలచిరి. పొరుగువారు ఫోను చేసి చెప్పినను నమ్మలేదు. 4.10 గంటల ప్రాంతమున అమెరికాలోని ఎనిమిది రాష్ట్రములందును, కెనడాలోని ఒంటారియోలోను సుమారు 5 కోట్ల మంది చీకటిలో పడిరి. నిశ్శబ్దము క్షేమమునకు సాక్ష్యము కాదని దీని నీతి.

రెండవది జపానులోని ఫుకుషిమా. 2011 మార్చి 11వ తేదీ మధ్యాహ్నము 2.46కు భూకంపము వచ్చి, అణువిద్యుత్ కేంద్రమునకు బయటి కరెంటు తెగినది. డీజిల్ జనరేటర్లు తమ ధర్మమును తాము నిర్వర్తించి నడువసాగినవి. సుమారు 50 నిమిషములకు సముద్రము పొంగి వాటిని ముంచినది. కొన్ని యూనిట్లలో బ్యాటరీలును మునిగినవి. పర్యవేక్షణ గదిలో దీపము లారినవి, సూచికలన్నియు మూగవైనవి. కొలిమి మండుచున్నది, దానిమీద నీరెంత యున్నదో తెలియదు! ఉద్యోగులు మోటారుకార్ల బ్యాటరీలను విప్పి తెచ్చి, కొలిమానములకు తగిలించి, నీటిమట్టమును చదువ యత్నించిరి. ఒకటవ యూనిట్టులో అట్లు చదివిన యంకె సయితము తప్పని తరువాత తేలినది. హెచ్చరించు యంత్రమునకును విద్యుత్తే యాహారము. అది లేనినాడు కన్నులుండియు గ్రుడ్డితనమే.

మూడవది మన తెలుగునాటిది. కృష్ణాతీరమున శ్రీశైలము ఎడమగట్టున భూగర్భములో 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రము కలదు. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అందు అగ్నిప్రమాదము సంభవించి, తొమ్మండుగురు మరణించిరి. ఆ సమయమున బ్యాటరీలను మార్చు పని సాగుచుండెనని అప్పటి వార్తలు తెలిపినవి. లక్షల యిండ్లకు వెలుగు నిచ్చు కేంద్రమునకు బ్యాటరీ యేల యని మీరడుగవచ్చును. అపాయము వచ్చినప్పుడు యంత్రమును విడదీయు మీటలకును, హెచ్చరిక దీపములకును ప్రాణము ఆ బ్యాటరీలనుండియే వచ్చును. దీపము క్రింద చీకటి యన్న సామెత అచ్చట అక్షరాల నిజము. ఆ తొమ్మండుగురి కుటుంబములకు ఈ మాటలు చరిత్ర కావు, ఇంటి దుఃఖము.

ఇక మన యింటి పెట్టె భాషకు వత్తును. తయారుచేయువారినిబట్టి రంగులును శబ్దములును కొంత మారును గావున, పెట్టెతో నిచ్చు పుస్తకమును పారవేయక దాచవలెను. అయినను ముఖ్యమైన మాటలు ఐదు.

"మెయిన్స్" అనగా కరెంటు వచ్చుచున్నది, బ్యాటరీ నిండుచున్నది. "బ్యాటరీ" యనగా బయటి కరెంటు లేదు, నిలువనుండి తీయుచున్నాను అని. ఇది అపాయము కాదు, గడువు మొదలైనదని తెలుపుట. ఉండియుండి వచ్చు కూత సాధారణముగా దీనికే. "లో బ్యాటరీ" యనగా గడువు ముగియవచ్చినది. కూత వడివడిగా గాని, ఎడతెగక గాని వచ్చును. "ఓవర్‌లోడు" అనగా మోయలేని భారము. ఆపి మరల వేయుట దీనికి మందు కాదు, మిక్సీయో మోటారో తీసివేయవలెను. ఐదవది "బైపాస్". ఇది యూపీయస్‌లలో కనబడును. బయటి కరెంటే నేరుగా పోవుచున్నది, నా యండ లేదు అని దీని భావము. దీపములు వెలుగుచుండుటచే దీనిని చాలమంది గమనింపరు. అందుచేతనే ఇది మిక్కిలి మోసకరము.

గడువెంతయో లెక్క వేయుట కష్టము కాదు. 12 వోల్టుల, 150 ఆంపియరు గంటల బ్యాటరీలో, ఆ రెంటిని గుణింపగా, 1,800 వాటు గంటల శక్తి యుండును. మార్పులో పోవునది పోగా, 350 వాట్ల ఆక్సిజను యంత్రమును క్రొత్త బ్యాటరీ సుమారు నాలుగు గంటలు నడపవచ్చును. మాది ఐదేండ్ల పాతది. అందుకే రెండు గంటలకే చేతులెత్తినది. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో బ్యాటరీ యాయువు సగమునకు తగ్గునని నిపుణుల లెక్క. మన యెండలకు దానిని మేడపై రేకులక్రింద నుంచరాదు. స్వేదనజలము తగ్గినప్పుడు పోయవలెను, కుళాయినీరు పోయరాదు. మూడు మాసముల కొకసారి పగటివేళ, ప్రాణావసరమైన యంత్రములు దానిపై లేనప్పుడు, మెయిన్సు ఆపి, యెంతసేపు నిలుచునో గడియారము పెట్టి చూచి గోడమీద వ్రాసికొనుడు. ఇంటిలో రోగి యున్నచో రెండవ యండ, అనగా సిలిండరు, సిద్ధముగా నుండవలెను.

మడకశిరకు ప్రక్కనే పావగడలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. సూర్యుడు గ్రుంకిన పిదప అది పనిచేయదు. అట్టి విద్యుత్తు పెరిగినకొలది నిలువల యవసరము పెరుగునే గాని తరుగదు. చెరువులు మనకు క్రొత్త కాదు, బ్యాటరీలును ఇక క్రొత్త కావు. ప్రతి యింట ఒకరు, పెద్దయైన నేమి, పిన్నయైన నేమి, నీరుగంటి పని వహింపవలెను. కూత వినబడినప్పుడు ముందుగా లేచి చదువుడు. మీటను తరువాత నొక్కవచ్చును. ఈ మాట నేను మా అక్కయ్యవద్ద నేర్చినది. ఆమె నేటికిని మా యింటనే యున్నది. కరెంటు పోయినప్పుడు పెట్టెను చూచి రమ్మని నన్నే పంపుచున్నది.