కార్లు తయారుచేయని దేశంలో కార్ల తిరునాళ్ల

ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల ప్రదర్శనకు జర్మన్ కంపెనీల అండ ఉండేది. పారిస్‌కు రెనో, ప్యూజో ఉన్నాయి. టూరిన్‌కు ఫియట్ ఉండేది. జెనీవాకు అలాంటి అండ ఎప్పుడూ లేదు. అయినా 1905లో మొదలైన జెనీవా మోటార్ షో ఇరవయ్యో శతాబ్దపు రెండో సగమంతా ఐరోపా కార్ల ప్రపంచానికి ఏటేటా మార్చి నెల మజిలీగా నిలిచింది. 2024 మేలో నిర్వాహకులు దాన్ని శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించారు. సొంత పరిశ్రమ లేకపోవడమే, అంటే ఎవరి పక్షమూ కాని వేదిక కావడమే, జెనీవా బలమని దశాబ్దాల పాటు అందరూ చెప్పుకున్నారు. అందులో నిజముంది, కానీ సగమే. ఆ వేదికను అసలు మోసినవాడు కారు కొనుక్కునే స్విస్ పౌరుడు. అతనితో బంధం పలచబడ్డాక తటస్థత ఒక్కటే ఆ ప్రదర్శనను కాపాడలేకపోయింది.

తొలి రోజుల్లో స్విట్జర్లాండ్‌కు సొంత కార్లు లేకపోలేదు. మార్టినీ, సౌరర్ ఉండేవి. పిక్-పిక్ పేరుతో అమ్ముడైన పికార్-పిక్టే కార్లు జెనీవాలోనే తయారయ్యేవి. 1905 నాటి ప్రదర్శన కూడా పేరుకు జాతీయ ప్రదర్శనే. కానీ దేశం మొత్తం కారును ఒకేలా ఆదరించలేదు. ఆల్ప్స్ పర్వతాల్లోని గ్రావుబుండెన్ ప్రాంతం 1900లో తన రోడ్ల మీద కార్లను పూర్తిగా నిషేధించి, పదేపదే ప్రజాభిప్రాయం కోరి, చివరికి 1925లో గానీ అనుమతించలేదు. ఈలోగా చిన్న దేశీ మార్కెట్‌ను నమ్ముకున్న తయారీదార్లు చితికిపోయారు. మార్టినీ 1934లో మూతపడింది, సౌరర్ లారీలకు పరిమితమైంది. 1924లో ప్రదర్శన అంతర్జాతీయమైంది, 1926 నుంచి ప్లాన్‌పాలే ప్రాంతంలోని ప్రదర్శనశాలలో స్థిరపడింది. సరిగ్గా దేశీ తయారీ తగ్గుతున్న కాలంలోనే ప్రదర్శన పెరిగింది. ఇక్కడ కారు కావాలంటే దిగుమతి కారే కొనాలి. కాబట్టి అమెరికన్లు, జర్మన్లు, ఫ్రెంచివాళ్లు, ఇటాలియన్లు అందరూ ఈ గుమ్మం ముందు నిలబడాల్సిందే. జనరల్ మోటార్స్ 1936లో బీల్ పట్టణంలో విడిభాగాలు బిగించే ఫ్యాక్టరీనే తెరిచింది.

రెండో ప్రపంచయుద్ధం ఆపిన ప్రదర్శన 1947లో మళ్లీ మొదలైంది. చుట్టూ ఉన్న దేశాలు శిథిలాల్లో ఉన్నాయి, స్విస్ ఫ్రాంకు మాత్రం చెక్కుచెదరలేదు. డబ్బుండి, దేశాభిమానంతో ఒక బ్రాండుకు కట్టుబడాల్సిన పనిలేని కొనుగోలుదారు ఇక్కడ తప్ప ఐరోపాలో మరెక్కడా అంత సులువుగా దొరకడు. జాగ్వార్ 1961 మార్చిలో తన ఈ-టైప్‌ను జెనీవాలో ఆవిష్కరించినప్పుడు తాకిడి తట్టుకోలేక రెండో కారును కవెంట్రీ నుంచి రాత్రికి రాత్రి నడిపించుకొచ్చారు. లంబోర్గిని మియూరా 1966లో, కౌంటాక్ నమూనా 1971లో ఇక్కడే వెలుగు చూశాయి. వీటన్నిటికన్నా నా వాదనకు బాగా సరిపోయేది 1980 నాటి ఆడి క్వాట్రో. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే వేగవంతమైన కారును మంచు కొండల దేశంలో చూపించడం తెలివైన పని. ఇటీవలి సంవత్సరాల్లో స్విట్జర్లాండ్‌లో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు సగం ఆ రకానివే. వేదిక మీద కారు చూడటం, దాన్నే ఊళ్లో డీలరు దగ్గర కొనగలగడం, ఈ రెండూ కలిసి నడిచినంత కాలం జెనీవాకు తిరుగులేదు.

ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ ఏడాది విడిచి ఏడాది జరిగేవి, ఏటా వచ్చేది జెనీవా ఒక్కటే, అదే దాని విజయ రహస్యం అని కొందరంటారు. క్యాలెండర్ సాయం చేసింది, కాదనను. 1982లో ప్రదర్శన విమానాశ్రయం పక్కనున్న పాలెక్స్‌పో భవనానికి మారడమూ సాయం చేసింది. కానీ ఆ సౌకర్యాలే ప్రదర్శన స్వభావాన్ని మెల్లగా మార్చాయి. విమానం దిగి, కొత్త కారు ఫొటో తీసుకుని, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయే ప్రపంచ పత్రికల కోసమే వేదిక తయారైంది. మన టాటా సంస్థ కథే చూడండి. 1998లో ఇండికాను, 2009లో నానో యూరోపాను జెనీవాలో చూపించింది. ప్రపంచమంతా రాసింది. నానో యూరోపా మాత్రం ఐరోపాలో అమ్మకానికే రాలేదు. ఆ వేదిక అప్పటికి అంగడి లక్షణం ఎంత కోల్పోయిందో ఇది చెబుతుంది. ఈలోగా మామూలు స్విస్ కొనుగోలుదారు నవంబర్‌లో జరిగే జ్యూరిక్ ప్రదర్శనలో తనకు కావలసిన కారు చూసుకోగలిగాడు.

కోవిడే జెనీవాను చంపిందన్న మాటను ఒప్పుకోలేను. 2020 ఫిబ్రవరి 28న, ప్రారంభానికి రోజుల ముందు, స్విస్ ప్రభుత్వం వెయ్యిమందికి మించిన సభలను నిషేధించడం పెద్ద దెబ్బే. అయితే ఫోర్డ్, వోల్వో, ఓపెల్, హ్యుందాయ్, జాగ్వార్ ల్యాండ్‌రోవర్ 2019లోనే రాలేదు. 2005లో సుమారు 7,47,000 మంది వచ్చిన చోటికి 2019లో ఆరు లక్షల పైచిలుకు మందే వచ్చారు. మహమ్మారి తరువాత జెనీవా ప్రాంతీయ ప్రభుత్వం 1.68 కోట్ల ఫ్రాంకుల అప్పు ఇవ్వజూపితే, షరతులు భారమని నిర్వాహక సంస్థ వద్దంది. సొంత పరిశ్రమ ఉన్న నగరమైతే కంపెనీలే ముందుకు వచ్చేవేమో. 2023లో జెనీవా పేరుతోనే ప్రదర్శన దోహాలో జరిగింది. 2024లో సొంత ఊరికి తిరిగొస్తే 1,68,000 మంది వచ్చారు, పెద్ద కంపెనీల్లో చాలావరకు రాలేదు. సొంత పరిశ్రమల అండ ఉన్న పారిస్, మ్యూనిక్‌ల పోటీని కూడా మూసివేత కారణాల్లో ఒకటిగా నిర్వాహకులు చెప్పారు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటుంది. బెల్జియానికీ చెప్పుకోదగ్గ సొంత బ్రాండు లేదు. మరి బ్రస్సెల్స్ ప్రదర్శన ఎలా నిలిచింది? నా దృష్టిలో అది నా వాదనను పడగొట్టదు, బలపరుస్తుంది. బెల్జియంలో జనవరి ప్రదర్శన అంటే ధరలు తగ్గే సీజన్. దేశమంతటా డీలర్లు దాని పేరుతో రాయితీలిస్తారు, ఆ నెల కోసం కొనుగోలుదార్లు ఎదురుచూస్తారు. అక్కడ వేదికకూ మార్కెట్‌కూ మధ్య తెగని తాడు ఉంది. ఏళ్ల తరబడి జెనీవాలో ప్రకటించిన ఐరోపా కార్ ఆఫ్ ది ఇయర్ అవార్డును 2025 జనవరిలో బ్రస్సెల్స్‌లోనే రెనో 5కు ఇచ్చారు.