సాంచాల చప్పుడు

సిరిసిల్లలో మరమగ్గాన్ని ఎవరూ మరమగ్గమనరు, సాంచా అంటారు. మా బాపు ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపాడు, మొదట బివండిలో, తర్వాత ఊరికి తిరిగొచ్చి ఒక ఆసామి దగ్గర. ఇంట్లో అవ్వ పిలిస్తే పలికేవాడు కాదు. పక్కింటి పెద్దాయన బొంగురు గొంతుతో ఒక్క కేక వేస్తే మాత్రం తిరిగి చూసేవాడు. పెండ్లాం మాటే వినపడని చెవుడని వాడకట్టంతా నవ్వేది. అవ్వ నిజంగానే అలిగిన రోజులున్నాయి.

మా తాతది గుంట మగ్గం. తాడు గుంజి నాడెను అటూ ఇటూ పంపుతూనే, వచ్చేపోయేవాళ్ళతో ముచ్చట పెట్టేవాడట. చివరిదాకా ఆయన చెవులు బాగానే ఉన్నాయి. అందుకే మా ఇంటికి చెవుడు నేతతో రాలేదు, మోటారుతో వచ్చిందంటాను.

సాంచాలో నాడెను చెయ్యి తోయదు, కర్ర కొడుతుంది. కొనలకు లోహపు మొనలున్న ఆ చెక్క నాడె ఒక పెట్టెలోంచి దూసుకెళ్ళి, ఎదురు పెట్టెలో ఢీకొని ఆగుతుంది. నిమిషానికి నూరుసార్లకు పైగా ఇదే. పక్కపక్కనే ఎనిమిది సాంచాలు, పైన రేకుల కప్పు, చుట్టూ నున్నటి గోడలు. చప్పుడు చాలావరకు లోపలే తిరుగుతుంది. ఇలాంటి షెడ్లలో 95 డెసిబెళ్ళు దాటడం మామూలే. అప్పటి మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 90 డెసిబెళ్ళకు ఎనిమిది గంటలు, 95కు నాలుగే గంటలు హద్దుగా ఉండేది. బాపు షిఫ్టు పన్నెండు గంటలు. పైగా అప్పటి 1948 చట్టం లెక్కలో, కరెంటుతో నడిచే చోట పది మంది పనివాళ్ళుంటేనే ఫ్యాక్టరీ అయ్యేది. ఆసామి షెడ్డు ఆ లెక్కకు అందేది కాదు.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గొట్టం ఉంటుంది. అందులోని సన్నటి రోమకణాలు చప్పుడును నరానికి అందిస్తాయి. పెద్ద చప్పుడుకు అవి వాలిపోతాయి, కొన్ని విశ్రాంతితో కోలుకుంటాయి, చచ్చినవి మనిషిలో మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి వినికిడి. స, త, ఫ లాంటి సన్నని హల్లులు జారిపోతాయి, బొంగురు గొంతు మిగులుతుంది. అవ్వ "సద్ది" అంటే బాపుకు "అద్ది" అని వినపడేది. అద్దమెందుకని అడిగేవాడు.

ఇది మా ఊరి వింతేమీ కాదు. వెనిస్ రాగిపనివాళ్ళ చెవుడు గురించి ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1713లోనే రాశాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ వందమంది బాయిలర్ పనివాళ్ళ చెవుల దగ్గర గడియారం పట్టుకొని పరీక్షిస్తే, వినికిడి మామూలుగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు. లాంకషైర్ మిల్లుల నేతగత్తెలు పెదవులు పెద్దగా కదిలిస్తూ, చప్పుడు లేని మాటలతో ముచ్చట్లు నడిపేవారు. బాపు కూడా కార్ఖానాలో అంతే. రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెడితే బీడీ, పిడికిలి ఊపితే చాయ్.

నేనొకసారి పట్నం నుంచి చెవుల్లో పెట్టుకునే బిరడాలు తెచ్చిచ్చాను. "చెవులు మూసుకుంటే సాంచా ఏమంటుందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. నాడె చప్పుడు మారితే ఏది సడలిందో ఆయనకు తెలుస్తుంది. ఆడపిల్లల గొంతులు వినపడకుండా పోయాక కూడా ఆ తేడా పోలేదు. అరికాళ్ళతో విన్నాడేమో!

మా ఊళ్ళో పసిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోతారు. అది ఆగితేనే భయం, పని లేదన్నమాట. 2000 తర్వాతి సంక్షోభంలో సాంచాలు ఆగిన ఇళ్ళలో ఉరితాళ్ళు కనిపించాయి. రాత్రి కరెంటు పోతే వాడకట్టంతా ఒక్కసారి లేచి కూర్చునేది. బాపు అందరికన్నా ముందే లేచేవాడు, మంచం కోడుకు అదురు ఆగిపోయిందని.