వెనకాలే మూడు ఎర్ర కార్లు

1961 మే 14, ఆదివారం మధ్యాహ్నం. మొనాకో రేవు పక్క రోడ్డు మీద పదహారు రేసు కార్లు బారులు తీరుతున్నాయి. ఎండ మండిపోతోంది. ఇంకాసేపట్లో జెండా ఊపుతారనగా మొదటి వరుసలో ఉన్న ముదురు నీలం రంగు లోటస్ దగ్గర కలకలం రేగింది. ఛాసీ పైపు ఒకటి చిట్లి కనబడింది.

ఆ కారుకి ఛాసీ అంటే సన్నని ఉక్కు గొట్టాలను అతికి కట్టిన పంజరం. ఇంజను, చక్రాలు, పెట్రోలు, డ్రైవరు, అందరి బరువూ అన్నిటి బరువూ దాని మీదే. అందులో ఒక గొట్టం చిట్లిందంటే వంద ల్యాపుల పందెంలో అది ఎప్పుడు రెండుగా విడిపోతుందో ఎవరూ చెప్పలేరు. కారునైనా పక్కకు తీసెయ్యాలి, లేదా అక్కడికక్కడే వెల్డింగ్ అయినా చెయ్యాలి. చిక్కేమిటంటే, వెల్డింగ్ చెయ్యాల్సిన చోటికి దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు ఉంది. పందెం కోసం దాన్ని నిండుగా నింపేశారు కూడా.

మెకానిక్ ఆల్ఫ్ ఫ్రాన్సిస్ తడిగుడ్డలు తెచ్చి ట్యాంకు చుట్టూ కప్పాడు. టార్చి వెలిగించాడు. చుట్టూ మూగిన జనం వెనక్కి జరిగారు. జరగక ఏం చేస్తారు? పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఫ్రాన్సిస్ మాత్రం వంగి, మంటను పగులు మీద నిలిపి పని చేసుకుపోయాడు. తొందరపడితే అతుకు నిలవదు. ఆలస్యమైతే గుడ్డల్లో తడి ఆరిపోతుంది. ఆ రెంటి మధ్య ఎంత వ్యవధి ఉందో చేతికి తెలియాలి తప్ప గడియారం చెప్పదు. పోలండ్ నుంచి యుద్ధకాలంలో సైనికుడిగా ఇంగ్లండు చేరి, రేసు కార్ల మెకానిక్‌గా స్థిరపడ్డ ఈ మనిషికి ఆ లెక్క తెలుసు. అతుకు పడింది. మంట ఆర్పాడు.

ఆ రోజు గురించి రాసినవాళ్లు డ్రైవరును పొగిడినంతగా ఈ మెకానిక్‌ను పొగడలేదు. నా మటుకు నాకు ఆనాటి మొదటి సాహసం ఇదే. ఇది జరగకపోతే తర్వాతి కథే లేదు.

అతుకు వేసిన కారులో కూర్చోవలసినవాడు స్టిర్లింగ్ మాస్. అప్పటికి అతని వయసు 31. పదకొండు నెలల క్రితం, 1960 జూన్‌లో, బెల్జియంలోని స్పా దగ్గర ప్రాక్టీసులో ఇదే రకం లోటస్ 18 నడుపుతుండగా వెనక చక్రం ఊడిపోయింది. కారు గింగిరాలు తిరిగి గట్టును కొట్టుకుంది. మాస్ బయటికి విసిరేసినట్టు పడ్డాడు. కాళ్లు విరిగాయి, ముక్కు విరిగింది, వెన్నుపూస దెబ్బతింది. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ పందెంలోకి వచ్చాడు. అంటే, లోటస్‌లో ఒక్క భాగం తెగితే ఏమవుతుందో ఆ వరుసలో నిలబడ్డ అందరికన్నా మాస్ ఒంటికి బాగా తెలుసు. అయినా ఎక్కి కూర్చున్నాడు. పైగా ఎండ వేడి తట్టుకోవడానికి కారు రెండు పక్కల తొడుగులూ ఊడదీయించాడు. ఇక అతను స్టీరింగ్ తిప్పే తీరు, మోచేతుల కదలిక, మొత్తం ఒళ్లంతా రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకు బాహాటంగా కనబడేది. అప్పట్లో రేసు కార్లలో సీటు బెల్టులు కట్టుకునేవారు కాదు.

అసలు ఆ కారు మొదటి వరుసలో ఉండడమే వింత. ఆ ఏడాదితో గ్రాండ్ ప్రి కార్ల ఇంజను పరిమితిని 2.5 లీటర్ల నుంచి 1.5 లీటర్లకు తగ్గించారు. బ్రిటిష్ జట్లు ఈ మార్పును చివరిదాకా వ్యతిరేకించాయి. ఎలాగూ ఆగిపోతుందిలే అనుకుని కొత్త ఇంజన్ల పని ఆలస్యం చేశాయి. ఇటలీలో ఫెరారీ అలా కూర్చోలేదు. ముందు ఏడాదే పని మొదలుపెట్టి, ముక్కుకు సొరచేప నాసికల్లాంటి రెండు రంధ్రాలున్న ఎర్రటి 156 కారును సిద్ధం చేసుకుంది. దాని ఆరు సిలిండర్ల ఇంజనుకు 180 హార్స్‌పవర్‌కు పైబడ్డ బలం. మాస్ వెనకున్నది కోవెంట్రీ క్లైమాక్స్ నాలుగు సిలిండర్ల ఇంజను. ఆ కంపెనీకి పేరు తెచ్చినవి అగ్నిమాపక పంపులు, ఫోర్క్‌లిఫ్టులు. ఆ ఇంజను 150 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఆగిపోయేది.

మాస్ ఏ కంపెనీ జట్టులోనూ లేడు. జానీ వాకర్ విస్కీ కుటుంబానికి చెందిన రాబ్ వాకర్ అనే పెద్దమనిషి సొంత డబ్బుతో నడిపే చిన్న జట్టు అతనిది. లోటస్ అధినేత కోలిన్ చాప్‌మన్ ఆ ఏడాదికి కొత్త లోటస్ 21 తయారుచేశాడు. దాన్ని మాస్‌కు ఇవ్వాలంటే ఇంధన కంపెనీల ఒప్పందాలు అడ్డొచ్చాయి. చాప్‌మన్ జట్టుది ఒక కంపెనీ, వాకర్ జట్టుది మరో కంపెనీ. అందుకని ప్రపంచంలోకెల్లా మేటి డ్రైవరు నిరుటి కారుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇది నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

అయితే మొనాకోలో ఒక సౌకర్యం ఉంది. అది రేసు కోసం కట్టిన ట్రాక్ కాదు, ఊరి వీధులు. 3.145 కిలోమీటర్ల చుట్టు. గ్యాస్ కర్మాగారం దగ్గర ఉన్నచోటే వెనక్కి తిరిగినట్టుండే మలుపు, సెంట్ డెవోట్ చర్చి, అక్కణ్నుంచి కొండ ఎక్కుడు, పైన కేసినో, మళ్లీ దిగుడు, రైల్వే స్టేషన్ దగ్గర ఇంకో గట్టి మలుపు, సొరంగం, రేవు ఒడ్డు. దారి పొడవునా ఇళ్ల గోడలు, దీపస్తంభాలు, కాలిబాట గట్టులు. అక్కడక్కడా గడ్డిమోపులు. రేవు ఒడ్డున పట్టు తప్పితే తిన్నగా సముద్రమే. 1955లో అల్బర్టో అస్కారీ కారుతో సహా నీళ్లలో పడి, ఈదుకుంటూ బయటపడ్డాడు. ఈసారి ప్రాక్టీసులోనే ఇన్నిస్ ఐర్లాండ్ సొరంగంలో గేరు పొరపాటున పడి కారు బద్దలుకొట్టుకున్నాడు, కాలు విరిగింది. ఇలాంటి చోట బలం పూర్తిగా వాడుకోవడానికి తిన్నని రోడ్డు దొరకదు. మనిషి చేతికి విలువ పెరుగుతుంది. క్వాలిఫైయింగ్‌లో మాస్ 1 నిమిషం 39.1 సెకన్లలో చుట్టు పూర్తిచేసి అందరికన్నా ముందు నిలవడానికి కారణం అదే.

జెండా ఊగింది. మొదట దూసుకుపోయింది మాస్ కాదు, ఫెరారీలో రిచీ జింథర్. కాలిఫోర్నియా వాడు, పొట్టి మనిషి, విమానాల కంపెనీలో మెకానిక్‌గా పనిచేసి వచ్చినవాడు. కార్లను పరీక్షించి లోపం కనిపెట్టడంలో దిట్ట. మిగతా ఇద్దరు ఫెరారీ డ్రైవర్లు ఫిల్ హిల్, వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్ పాత రకం ఇంజను వాడుతుంటే, కొత్తగా వచ్చిన 120 డిగ్రీల ఇంజనును జింథర్ చేతికిచ్చారు. లోటస్ 21లో జిమ్ క్లార్క్ మంచి ఊపు మీదే మొదలుపెట్టాడు కానీ కాసేపటికే కారు మొరాయించి వెనకబడ్డాడు.

మాస్ పదమూడు ల్యాపులు ఓపిక పట్టాడు. పద్నాలుగో ల్యాపులో జింథర్‌ను దాటేశాడు. అతని వెంటే పోర్షె నడుపుతున్న స్వీడన్ డ్రైవరు జో బోనియర్ కూడా దాటాడు. ఫెరారీలు సర్దుకుని బోనియర్‌ను దాటి వచ్చేలోపు మాస్ పది సెకన్ల దూరం లాగేశాడు. పావు వంతు పందెం అయింది. ఇంకా డెబ్భై అయిదు ల్యాపులున్నాయి.

ఇక్కణ్నుంచి చూసినవాళ్లకు కనబడేది ఒకటే దృశ్యం. ముందు ఒక నీలం కారు, వెనకాల ఎర్ర కార్లు. వాటిలో ముందున్నవాడు ఫిల్ హిల్. సగం దూరానికి తేడా ఎనిమిది సెకన్లకు వచ్చింది. అరవయ్యో ల్యాపుకి మూడే సెకన్లు మిగిలాయి. గట్టి మలుపుల దగ్గర రోడ్డు తిరిగి వెనక్కే వస్తుంది కాబట్టి, స్టీరింగ్ తిప్పుతున్న మాస్‌కు తనను తరుముతున్న ఎరుపు ఎంత దగ్గర్లో ఉందో అద్దం చూడకుండానే తెలుస్తుంది. ఏ క్షణాన్నైనా వచ్చి దాటేస్తారనే అనుకుంటూ నడిపానని మాస్ తర్వాత చెప్పాడు. వాళ్ల బలం అతనికి తెలుసు. తన దగ్గర దాచిపెట్టుకున్న వేగమంటూ ఏదీ లేదనీ తెలుసు. కొండ ఎక్కుడులో ఫెరారీ దగ్గరకు వస్తుంది. కేసినో దాటి దిగుడులో, స్టేషన్ మలుపులో, రేవు ఒడ్డున మాస్ ఆ దూరాన్ని తిరిగి సంపాదించుకోవాలి. వచ్చే ల్యాపులో మళ్లీ ఇదే. మధ్యలో వెనకబడ్డ కార్లు దారికి అడ్డం వస్తుంటాయి. వాటిని ఎక్కడ దాటాలో ముందే ఎంచుకోవాలి. చోటు తప్పి ఆగితే ఒకటిన్నర సెకను పోతుంది.

ఈ రెండు గంటల పైచిలుకు శ్రమలో గొప్పగా చెప్పుకోదగ్గ ఓవర్‌టేక్ పద్నాలుగో ల్యాపులో తప్ప మరొకటి లేదు. అందుకే ఈ పందెం సినిమా దృశ్యంలా చెప్పడం కష్టం. గొప్పతనమంతా జరగని వాటిలో ఉంది. ఒక్క గేరు తప్పలేదు. ఒక్క గట్టు తగల్లేదు. ఒక్క మలుపులో బ్రేకు ఆలస్యం కాలేదు.

డెబ్భై అయిదో ల్యాపు దగ్గర ఫెరారీ వైపు ఆట మారింది. హిల్‌ను దాటి జింథర్ ముందుకొచ్చాడు. ఇద్దరూ కాలిఫోర్నియా స్నేహితులే. కానీ ఆ సమయానికి వేగం జింథర్ దగ్గర ఎక్కువుంది. ఫెరారీ వాళ్లు రోడ్డు పక్క నుంచి అతనికి బోర్డు చూపించారు. ఉన్నదంతా పెట్టెయ్యమని దాని సారాంశం. ఆ బోర్డు చూపించినవాళ్ల మీద నాకు కాస్త కోపమే. అతను అప్పటికే ఉన్నదంతా పెట్టేసి నడుపుతున్నాడు.

ఎనభై నాలుగో ల్యాపు. జింథర్ 1 నిమిషం 36.3 సెకన్లలో చుట్టేశాడు. మొనాకోలో ఆ రోజు అంత వేగం ఎవరూ చూడలేదు. మాస్ క్వాలిఫైయింగ్ సమయం కన్నా అది దాదాపు మూడు సెకన్లు తక్కువ. ట్యాంకులో పెట్రోలు తగ్గి కారు తేలికపడ్డ మాట నిజమే. కానీ ఎనభై మూడు ల్యాపులు నడిపిన టైర్లు, ఎనభై మూడు ల్యాపులు నడిపిన చేతులు కూడా లెక్కలోకి రావాలి కదా. ఇక మాస్ పని అయిపోయిందనుకోవలసిన క్షణం అది.

ఎనభై అయిదో ల్యాపు. మాస్ 1 నిమిషం 36.3 సెకన్లు. సెకనులో పదో వంతు తేడా కూడా లేదు.

ఫ్రాన్సిస్ వేసిన అతుకు నిలబడే ఉంది. మిగిలిన పదిహేను ల్యాపులూ ఇద్దరిలో ఎవరూ పట్టు వదల్లేదు. ఆఖరి ల్యాపుల్లో ఫాన్ ట్రిప్స్ ప్రమాదానికి గురై ఆగిపోయాడు, అయినా నాలుగో స్థానం అతనికే దక్కింది. మాస్ గీత దాటిన 3.6 సెకన్లకు జింథర్ దాటాడు. సగటు వేగం ప్రకారం చూస్తే అది సుమారు 114 మీటర్ల దూరం. 314 కిలోమీటర్లు నడిచిన పందెంలో మిగిలిన తేడా అంతే. హిల్ దాదాపు నలభై సెకన్ల తర్వాత వచ్చాడు. వంద ల్యాపులూ పూర్తిచేసినవాళ్లు ఈ ముగ్గురే.

మాస్‌కు పట్టిన సమయం 2 గంటల 45 నిమిషాల 50.1 సెకన్లు. దీన్ని వందతో భాగిస్తే ల్యాపుకి 99.5 సెకన్లు వస్తుంది. ముందు వరుస కోసం ఒకే ఒక్క చుట్టు ప్రాణం పెట్టి నడిపినప్పుడు అతనికి పట్టింది 99.1. అంటే నిండు ట్యాంకుతో నిలబడ్డచోటు నుంచి మొదలైన మొదటి ల్యాపుతో సహా, అడ్డొచ్చిన కార్లన్నిటినీ దాటుకుంటూ, వంద ల్యాపులూ సగటున ఆ ఒక్క చుట్టుకు అరసెకను తేడాలో నడిపాడు. ప్రపంచ చాంపియన్ పట్టం మాస్‌కు జీవితంలో ఎప్పుడూ దక్కలేదు. 1955 నుంచి వరసగా నాలుగేళ్లు రెండో స్థానంలో మిగిలిపోయాడు. ఆ పట్టం లేనందుకు అతణ్ని ఒక మెట్టు తగ్గించి చూసేవాళ్లకు ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు. గ్రాండ్ ప్రిల్లో తన అత్యుత్తమ పందెం ఇదేనని మాస్ కూడా అన్నాడు.

ఆ ఏడాది ఆగస్టులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ మీద మాస్ మరోసారి వాకర్ లోటస్‌తో ఫెరారీలను ఓడించాడు. సెప్టెంబరులో మోన్జాలో ఫాన్ ట్రిప్స్ కారు ప్రేక్షకుల మీదికి దూసుకెళ్లి అతనితో పాటు పదిమందికి పైగా చనిపోయారు. చాంపియన్‌షిప్ హిల్‌కు దక్కింది. మరుసటి ఏడాది ఈస్టర్ సోమవారం నాడు గుడ్‌వుడ్‌లో జరిగిన ప్రమాదం మాస్ గ్రాండ్ ప్రి జీవితాన్ని ముగించింది. నెల రోజులు స్పృహ లేదు. బతికి బయటపడ్డాడు కానీ మునుపటి చురుకు తిరిగి రాలేదని తనే తేల్చుకుని తప్పుకున్నాడు.

జింథర్ 1965లో మెక్సికోలో గెలిచాడు. గ్రాండ్ ప్రి చరిత్రలో హోండాకు అది మొట్టమొదటి గెలుపు, జింథర్‌కు ఒకే ఒక్క గెలుపు. అయినా తాను నడిపిన పందేల్లో ఏది గొప్పదంటే అతను చెప్పింది మెక్సికో పేరు కాదు. మొనాకోలో మాస్ వెనక 3.6 సెకన్ల దూరంలో, రెండో స్థానంలో ముగించిన పందెం పేరు.